తెల్లబడిన రౌతులు

మార్చి 3

ఆడపడుచుగారికి,

క్షేమసమాచారాలు తరవాత. ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఇది కడుపులో పెట్టుకుని తిరుగుతుంటే అన్నం సయించడం లేదు. నీ ఆటబొమ్మల గుర్రాల రంగంతా పోయింది.

నువ్వు ఆ దీవికి పడవెక్కుతూ బీరువా తాళం నా చేతిలో పెట్టి, నా సైన్యానికి దుమ్ము పట్టకుండా చూడు వదినా అన్నావు. చూశాను. కుంచెతో దులిపితే పైపైన పోయింది గానీ కవచాల సందుల్లోది కదల్లేదు. నేను చేసేదేమో కట్టుడు పళ్ళ పని. పళ్ళ సందుల్లో ఏం ఇరుక్కున్నా వదిలించే ద్రావకం మా ల్యాబులో ఉంది. ఒక సీసా తెచ్చి, గిన్నెలో పోసి, నీ రౌతులను గుర్రాలతో సహా అందులో ముంచి, టీ పెట్టుకోవడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి దుమ్ము పోయింది. దుమ్ముతోపాటు నువ్వు ఇన్నేళ్ళుగా వేసిన నలుపూ, జెండాల మీది బంగారు గీతలూ, సేనాని తలపాగా మీది ఎర్ర ఈకా, అన్నీ పోయాయి. గిన్నెలో తారులాంటి నీళ్ళు, వాటి కింద బోడిగా నీ వీరులు.

మీ అన్నయ్యకు చూపించాను. ఏదైనా మంచిమాట చెప్తారేమోనని. బాగుంది, అంతా కులాసాగా ఉన్నారు అని నవ్వి పేపరు అందుకున్నారు. మీ ఇంటి మగవాళ్ళ దగ్గర ఓదార్పు వెతుక్కోకూడదని పెళ్ళయిన కొత్తల్లోనే తెలుసుకోవాల్సింది.

రెండో సంగతి ఇంకా పెద్దది. నిన్న మీ క్లబ్బు పెద్దగారు, టైలరుగారు, వచ్చారు. మెడలో టేపు వేలాడుతూనే ఉంది. అది బట్టలు కొలిచేదో, మీ బల్ల మీద సైన్యాలను జరపడానికి కొలిచేదో నాకు తెలీదు. ఏప్రిల్ ఆఖరి ఆదివారం పక్క ఊరి క్లబ్బుతో పోటీ అట. నీ కుర్చీ ఖాళీగా ఉంటే ఓడిపోయినట్టే లెక్క అట. అంతవరకూ నాకేం బాధ లేదు. పోయినేడు ఓడిపోయిన ఉక్రోషంలో, అందరూ వింటుండగా, ఆ పక్క ఊరి కెప్టెన్‌తో నువ్వు ఏమన్నావో కూడా చెప్పారు. గోడ అంటారటగా ఆయన్ని. వచ్చే ఏడు మీ గోడ కూల్చకపోతే నా గుర్రాలన్నీ మీరే తోలుకుపోండి అన్నావట. ఆయన మరిచిపోలేదట. ఇంత మాట అనేసి, ఇంట్లో ఒక్కరికి చెప్పకుండా, ఆ వాతావరణ కేంద్రంలో వానలు కొలుచుకోవడానికి ఎలా వెళ్ళిపోయావే తల్లీ?

నీ బదులు ఇంట్లోవాళ్ళు ఎవరైనా కూర్చోవచ్చు, అదే సైన్యంతో ఆడాలి అన్నారు టైలరుగారు. అంటూ మీ అన్నయ్య వంక కాకుండా నా వంక చూశారు. నాకు ఆ ఆటలో ఓనమాలు రావు. నీ మాట కనుక్కుని చెప్తానన్నాను.

అక్కడ ఫోను లేదు, వైర్‌లెస్ వాతావరణానికి తప్ప వాడనివ్వరు అన్నావు కాబట్టి ఈ ఉత్తరం పడవ మీదే రావాలి. చదివి తిట్టు, కానీ వెంటనే తిట్టు.

గుర్రాలకు తలంటిన
నీ వదిన

మార్చి 19

వదినా,

రెండు కాగితాల నిండా తిట్టాను. చించేశాను. మళ్ళీ మొదలుపెట్టాను. ఆ నలుపు ఒక్క పూత కాదు, తెలుసా? ఒక్కొక్క గుర్రానికి నాలుగు పూతలు. ఎర్ర ఈకకు మూడు వెంట్రుకల కుంచె వాడాను. ఇక్కడ మా వంటాయన నా మొహం చూసి ఇంటి దగ్గర ఎవరైనా పోయారా అని అడిగాడు. ఒక సైన్యం పోయిందని చెప్పాను.

సరే. అయిందేదో అయింది. ఇప్పుడు నా మాట విను. నువ్వే కూర్చో.

అన్నయ్యను కూర్చోబెట్టకు. వాడు పాచికలు వేసి ఎంత పడిందో చూడకుండా లేచిపోతాడు. నువ్వు చూస్తావు. పప్పులో రాయిని కంటితో కాకుండా చెవితో పట్టేస్తావని అమ్మ అనేది. ఆ గుర్రాలు పోకూడదు వదినా. మొదటి జీతంతో మొదటి రౌతును కొన్నాను. పరీక్ష తప్పినప్పుడు ఒకణ్ణి, ఉద్యోగం మారినప్పుడు ఒకణ్ణి, అలా నా బతుకంతా ఆ బీరువాలో గుర్రమెక్కి కూర్చుంది. ఆ పెద్దమనిషి మెత్తగా నవ్వుతూ వాటిని అట్టపెట్టెలో సర్దుకుపోతుంటే నేను బతికుండి వినలేను.

పాఠం చెప్తాను, గుర్తుపెట్టుకో. మన కవచ రౌతులు ఒక్కసారే చంపుతారు. పరిగెత్తుకొచ్చి తాకే మొదటి దెబ్బ ఉంది చూడు, బల్లేల బలమంతా దానికే. ఆ దెబ్బకు ఎదుటివాళ్ళు పారిపోతే సరేసరి. పారిపోలేదో, బల్లేలు పోయి కత్తులు మిగులుతాయి, గుర్రాలు గుంపులో ఇరుక్కుంటాయి, చుట్టుముట్టి నరికేస్తారు. పరుగు ఎంతో పాచికలు చెప్తాయి. దూరం చాలకపోతే నడి మైదానంలో వెర్రిమొహాలేసుకుని ఆగిపోతారు. ఇంకొకటి, గెలిచాక వెంటబడకు. పారిపోయేవాళ్ళ వెనకాల ఎప్పుడూ ఎవరో ఒకరు కాచుకుని ఉంటారు. ఇది తెలిసి కూడా నేను ప్రతిసారీ వెంటబడ్డాను.

గోడగారివి మరుగుజ్జులు. మోకాళ్ళదాకా గడ్డాలు, తమకంటే రెండింతల ఈటెలు, మూడు వరసలు. ఈటెలకు ఎదురుగా వెళ్తే మన దెబ్బ సగం చచ్చిపోతుంది. అయినా ఎదురుగానే వెళ్ళు. రెండు దళాలూ కలిపి, రెండో వంతులోనే, ఆయన కుదురుకోకముందే కొట్టు. ఆట మొత్తం ఆరు వంతులు. ఆలస్యమైతే ఆయన ఇంకా బిగుసుకుంటాడు. నేను పోయినేడు మూడో వంతులో వెళ్ళాను, అందుకే పోయింది. కాలిబంట్లను పట్టించుకోకు. వాళ్ళు ఖాళీ జాగా నింపడానికి ఉన్నారు.

రోజూ పొద్దున్నే గాలి కొలిచే బెలూను వదులుతాను. ఈ పొద్దున దాన్ని చూసి నువ్వెక్కడికైనా వెళ్ళొచ్చు, నాకే వీల్లేదు అనుకున్నాను. ఉత్తరం రాయి.

కోపం సగం తగ్గిన
నీ ఆడపడుచు

ఏప్రిల్ 2

ఏమే,

నీ ఉత్తరం వచ్చేలోపే నేను బల్ల ఎక్కేశాను. అంటే బల్ల పక్కకు. టైలరుగారి షాపు మీది గదిలో, ఇస్త్రీ వాసనలో, వారానికి మూడు సాయంత్రాలు. ఆ బల్ల మీద కొండలూ, చిత్తడి నేలా, కూలిన బురుజూ చూడగానే నాకు చిన్నప్పుడు బొమ్మరిల్లు సర్దుకున్న ఉత్సాహం వచ్చింది. ఇన్నాళ్ళూ మీ వెర్రి అనుకున్నానే, ఇందులో ఇంత మజా ఉందని ఒక్క మాట చెప్పలేదేం?

ముందు గుర్రాల సంగతి. రంగు వేశాను. నలుపు వెయ్యడం నాకు రాదు, నాకు వచ్చిందల్లా తెలుపు. జనం తెలుపంటే ఒకటే అనుకుంటారు గానీ మా ల్యాబులో పళ్ళ తెలుపుల పట్టీ ఉంది, అందులో ఒకదాన్ని పోలింది ఇంకొకటి ఉండదు. కాఫీ తాగేవాళ్ళ తెలుపు వేరు, కుర్రవాళ్ళ తెలుపు వేరు. నీ గుర్రాలకు ఒక్కోదానికి ఒక్కో తెలుపు వేశాను. సేనాని గుర్రానికి మాత్రం మా పట్టీలోకెల్లా లేత తెలుపు, ఎవరూ అడగని తెలుపు. పెదవుల లోపలి గులాబీ రంగు మా చిగుళ్ళ మైనంతో. టైలరుగారు భూతద్దం పెట్టి ఒక్కొక్కదాన్నీ తిప్పి తిప్పి చూశారు.

ఇక ఆట. ఓడిపోయాను. మళ్ళీ ఓడిపోయాను. నీ పాఠం ప్రకారం రెండో వంతులో ఎదురుగా పంపితే, టైలరుగారి ఈటెగాళ్ళు నా రౌతులను ముళ్ళకంపలో పడ్డ బట్టల్లా చీల్చేశారు. ఇంకోసారి పరుగు చాలక నువ్వు చెప్పినట్టే మధ్యలో ఆగిపోయారు. ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి కూర మాడ్చాను.

నిన్న మాత్రం ఒకటి తోచింది. మేం పళ్ళ సెట్టు ఒక్కసారిగా చెయ్యం. ముందు మైనంలో పళ్ళు గుచ్చి పంపుతాం. డాక్టరు దాన్ని నోట్లో పెట్టి కొరకమంటాడు, ఎక్కడ ఎత్తుందో చూస్తాడు, తీసి మళ్ళీ మాకు పంపుతాడు. అలా సరిపోయేదాకా. అసలు సెట్టు చివర్లో. ఆ పద్ధతిన రౌతులను కొంచెం ముందుకు జరిపి ఆపాను. కొట్టలేదు. మళ్ళీ పక్కకు జరిపి ఆపాను. టైలరుగారు గడ్డం గోక్కున్నారు. చివరికి ఓడిపోయాననుకో, కానీ ఆలస్యంగా ఓడిపోయాను. అలా ఆగి చూడొచ్చా? నీ మాట చెప్పు.

పని ఎక్కువగా ఉంది. ఎప్పుడో చేసిన సెట్టు ఒకటి కుడివైపంతా అరిగి, వదులై తిరిగొచ్చింది. ఆ మనిషికి గుబులు పుడితే పళ్ళు కొరుక్కునే అలవాటట. నాకు మనుషులు కనబడరు కదా, నోళ్ళ అచ్చులే. కానీ ఈయన్ని మరిచిపోలేను. నిజం పళ్ళలా ఉండాలి, ముందు పన్ను ఒకటి కాస్త వంకరగా పక్కదాని మీదికి ఎక్కించండి అని చీటీ పంపాడు. అందరూ తిన్నగా అడుగుతారు, ఈయన వంకర కావాలన్నాడు. అరిగినవి మార్చి పంపాను. కింది సెట్టు మళ్ళీ వదులవుతుందని నాకు తెలుసు, అలా కొరికితే ఏది నిలుస్తుంది.

మీ అన్నయ్య నేను క్లబ్బుకు వెళ్ళేటప్పుడు యుద్ధానికా అని అడుగుతున్నారు. అవునంటున్నాను.

ఓడిపోవడంలో ఆరితేరుతున్న
నీ వదిన

ఏప్రిల్ 15

వదినా,

తెలుపా? యుద్ధానికి తెల్ల గుర్రాలా? పళ్ళ రంగులా? నా నల్ల దళం పేరు చెప్తే పక్క ఊళ్ళో భయపడేవాళ్ళు. ఇప్పుడు నవ్వుతారు, తెల్లటి పళ్ళు బయటపెట్టి మరీ.

అది పోనీ. ఆగి చూడటమేంటి? ఆగితే రౌతు కాదు, గుర్రమెక్కిన కాపలావాడు. నాకు అర్థమైపోయింది. నువ్వు అంత ముచ్చటగా రంగులు వేశావు కదా, ఇప్పుడు అవి చావడం నీకు ఇష్టం లేదు. తల్లి ప్రేమ పుట్టింది. చూడు వదినా, బల్ల మీద చచ్చిపోతే పక్కన పెడతాం, అంతే, మళ్ళీ బతుకుతారు. నిజంగా పోయేది ఆట ఓడితేనే.

ఇక్కడ భోజనాల బల్ల మీద మైదానం వేశాను. పాత బ్యాటరీలు మరుగుజ్జులు. సీసా మూతలు మన రౌతులు. వైర్‌లెస్సాయన గోడగారి వైపు ఆడతాడు. రెండో వంతులో ఎదురుగా కొట్టాను, మూతలన్నీ పోయాయి. మళ్ళీ కొట్టాను, పోయాయి. అయినా పాచికలు బాగా పడుంటే గెలిచేదాన్ని. ఖాయంగా గెలిచేదాన్ని.

రెండో వంతు, ఎదురుగా, రెండు దళాలూ. ఇది నా మాట. ఇంకేం ఆలోచించకు. ఈ ఉత్తరం ఆటకు ముందే అందాలని పడవ నడిపేవాడికి చెప్పాను, వాడి అమ్మకూ చెప్పాను.

కాళ్ళూ చేతులూ ఆడని
నీ ఆడపడుచు

ఏప్రిల్ 29

చెల్లీ,

పడవ వెళ్ళిపోతోంది, రేవులో నిలబడి రాస్తున్నాను. ఆట అయిపోయింది. మీ వదినకు గొంతు పూర్తిగా పోయింది, మాట రావడం లేదు, పడుకుంది. నీ గుర్రాల్లో రెండింటిని గోడగారు పట్టుకెళ్ళారు. మిగతా సంగతులు తరవాత. ఇక్కడ ఎండలు. చెప్పులు తెగిపోయాయన్నావు, కొత్తవి పంపుతున్నాను.

అన్నయ్య

మే 13

వదినా,

అన్నయ్య కార్డు అందింది. చెప్పులు కూడా అందాయి, సైజు చిన్నది.

నువ్వు మాట్లాడలేకపోతున్నావని రాశాడు. నా మూలాన అంత దిగులు పెట్టుకున్నావా? నువ్వు రాయలేదంటేనే నాకు తెలిసిపోయింది. ముందు రెండు పట్టుకెళ్ళారంటే తక్కినవి తరవాత తోలుకుపోతారన్నమాట. పద్ధతైన మనిషే. నేనైతే ఒక్కసారే అట్టపెట్టె అడిగేదాన్ని.

చదివాక బయటికెళ్ళి గాలి కొలిచే స్తంభం కింద కూర్చుని ఏడ్చాను. బాగా ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. తరవాత మొహం కడుక్కుని బెలూను వదిలాను. వానాగాలీ నా గుర్రాల కోసం ఆగవు కదా.

ఒక సంగతి నీకు చెప్పకపోతే ఊపిరాడదు. పంపిన ఆ రెండు ఉత్తరాలూ గుర్తు తెచ్చుకుంటే సిగ్గేస్తోంది. ఇక్కడ సీసా మూతలతో ఎన్నిసార్లు ఎదురుగా కొట్టినా ఓడిపోయాను. అయినా నీకు అదే చెప్పాను. నువ్వు నా మాట విన్నావు, ఓడిపోయావు. ఆ ఓటమి నీది కాదు, నేను పడవలో పంపిన ఓటమి.

పోతే పోయాయి వదినా. ఆ ఎర్ర ఈక నువ్వు కడిగేసినప్పుడు నాకు నిన్ను కొట్టాలనిపించింది. ఇప్పుడు అనిపిస్తోంది, ఎవరూ అడగని తెలుపు వేసిన ఆ సేనాని గుర్రాన్ని ఒక్కసారైనా చూడలేకపోయానే అని. గోడగారిని అడిగి చూడు, దాన్ని మాత్రం ఆఖర్న తీసుకెళ్ళమని. సెప్టెంబరులో నేను వచ్చేదాకా బీరువాలో ఉంటే చాలు.

నువ్వు నా కుర్చీలో కూర్చున్నావు. నా పరువు కోసం పరాయి బల్ల ముందు నిలబడ్డావు. అది నాకు చాలు. వేడినీళ్ళు పుక్కిలించు.

నీ ఆడపడుచు

మే 25

పిచ్చిమొహమా,

గెలిచాం. గెలిచామే. గెలిచాం!

నీ ఉత్తరం మీ అన్నయ్య ఎదురుగానే పైకి చదివాను. ఆయన మొహం చూడాల్సింది. అంతా రాశానన్నారు నాతో. నేను నమ్మి, నీకు తెలిసిపోయిందిలే, గొంతు వచ్చాక తీరిగ్గా రాద్దామని ఊరుకున్నాను. గెలిచామన్న ఒక్క మాట తప్ప ఎండలతో సహా అన్నీ రాశారట ఆ కార్డులో. నువ్వు స్తంభం కింద కూర్చుని ఏడ్చావని విని ఆయనే వంటింట్లోకెళ్ళి చాలాసేపు గిన్నెలు తోమారు. అంతకన్నా పెద్ద క్షమాపణ ఆ మనిషి దగ్గర లేదు, పుచ్చుకో.

నా గొంతు పోయింది దిగులుతో కాదు, అరిచి. నేనూ టైలరుగారూ బల్లకు చెరోవైపు నిలబడి కేకలు పెడితే కింద షాపులో కొలతలివ్వడానికి వచ్చినావిడ పరిగెత్తుకుంటూ పైకొచ్చింది.

ఇక మొదటినుంచి విను. బల్ల మీద ఒక చివర చిత్తడి నేల, ఇంకో చివర కూలిన బురుజు. మధ్యలో గోడగారి మరుగుజ్జులు, ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఈటెలే కనబడ్డాయి. ఎదురుగా నీ కాలిబంట్లు. వాళ్ళ వెనక ఒక రౌతుల దళం, బురుజు వైపు ఇంకో దళం, సేనాని అందులో. గోడగారు ఎంత మర్యాదస్తులో. కుర్చీ లాగి కూర్చోబెట్టారు, తెల్ల గుర్రాలను చూసి కళ్ళు పెద్దవి చేశారు.

రెండో వంతు వచ్చింది. నీ ఉత్తరం ముందురోజే అందింది, నా సంచిలోనే ఉంది. రెండో వంతు, ఎదురుగా, రెండు దళాలూ. నీ మాట దాటకూడదనే అనుకున్నాను. టేపు తీసి కొలిచాను. గోడగారు నవ్వారు.

నవ్వితే ముందు పన్ను కనబడింది. కాస్త వంకరగా, పక్కదాని మీదికి ఎక్కి ఉంది. ఆ పన్ను నేను పెట్టిందే.

ఆ నోటిని నా అరచేతిలో ఎన్నిసార్లు తిప్పి చూశానో. ఆయన మొహం ఎప్పుడూ చూడలేదు గానీ ఆ దవడ నాకు మీ అన్నయ్య అరచెయ్యి కంటే బాగా తెలుసు. గుబులు పుడితే కొరుక్కునే దవడ. కొరికితే వదులైన కింది సెట్టు చప్పుడు చేసి తీరాలి. ఇప్పుడు నేను ఎదురుగా వస్తానని కొలుస్తుంటే చప్పుడు లేదు. హాయిగా నవ్వుతున్నారు. అంటే ఎదురుగా రమ్మనే ఆయన కోరిక. టేపు చుట్టేశాను. నన్ను క్షమించు.

తరవాత నా పద్ధతి మొదలుపెట్టాను. మైనం సెట్టు. మధ్యలోని దళాన్ని చిత్తడి వైపు కాస్త జరిపి ఆపాను. నిశ్శబ్దం. మూడో వంతులో దాన్ని వెనక్కి తెచ్చి, సేనాని దళాన్ని బురుజు పక్కకు జరిపి ఆపాను. టక్. నేను తల ఎత్తలేదు. ఇంకొంచెం జరిపాను. టక్ టక్.

అప్పుడు చూశాను. ఆ ఈటెల గోడ బురుజు దాకా లేదు. ఆ చివర ఆనుకోవడానికి ఏమీ లేకుండా గాలిలో వేలాడుతోంది. ఎదురుగా చూసినవాళ్ళకు అది కనబడదు. ఈటెలే కనబడతాయి. ఆయనకు మాత్రం ఏళ్ళుగా తెలుసు. నాలుగో వంతులో ఆ చివరి దళాన్ని సేనాని వైపు తిప్పారు. తిప్పగానే తిరిగిన వాళ్ళకూ తిరగనివాళ్ళకూ మధ్య సందు పడింది. మన గుర్రం దూరేంత సందు.

ఇంతలో కాలిబంట్లు అల్లాడిపోతున్నారు. నువ్వు ఖాళీ జాగా నింపడానికన్న వాళ్ళే. గోడగారు వాళ్ళను రెండు వంతులనుంచీ ఈటెలతో పొడుస్తూనే ఉన్నారు. జెండా పట్టుకున్నవాడి చుట్టూ గుప్పెడుమంది మిగిలారు. పారిపోతారా నిలుస్తారా అని ప్రతిసారీ పాచికలు వెయ్యాలి. వేశాను, నిలిచారు. మళ్ళీ వేశాను, నిలిచారు. వాళ్ళ మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. వాళ్ళు నిలబడ్డారు కాబట్టే ఆ గోడ అటూ ఇటూ కదల్లేక వాళ్ళకేసే చూస్తూ ఉండిపోయింది.

ఐదో వంతు. మధ్యలోని దళాన్ని ఆ సందుకు గురిపెట్టాను. దూరం ఎక్కువే. పాచికలు బాగా పడాలి, లేకపోతే నువ్వు చెప్పినట్టు వెర్రిమొహాలేసుకుని ఆగిపోతారు. వేశాను. పడ్డాయి. కావలసినదానికంటే ఒక అంగుళం ఎక్కువ పడ్డాయి. అప్పుడే అరిచాను, ఏమని అరిచానో నాకు తెలీదు, నీ పేరని టైలరుగారంటున్నారు.

ఎదురుగా కాలిబంట్లు పట్టి ఉంచారు, పక్కనుంచి రౌతులు తగిలారు. ఈటెలన్నీ అటు చూస్తున్నాయి, బల్లేలు ఇటునుంచి దిగాయి. నువ్వు చెప్పిన మొదటి దెబ్బ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మొదటి వరస పోయింది, రెండోది పోయింది, మూడోది పాచిక వేసి పారిపోయింది. వాళ్ళు పారిపోవడం చూసి పక్కవాళ్ళూ పారిపోయారు. గోడ కూలిందే!

టైలరుగారు వెంటపడండి వెంటపడండి అని గంతులేస్తున్నారు. నా చెయ్యి కూడా వెళ్ళబోయింది. నీ మొదటి ఉత్తరంలోని మాట గుర్తొచ్చి ఆపేశాను. నిజంగానే ఆ వెనక గుట్ట చాటున గొడ్డళ్ళ దళం ఒకటి కాచుకుని ఉంది. నేను వెళ్ళలేదని చూసి గోడగారు ఓటమి ఒప్పుకుంటూ లేచి నిలబడి రెండు చేతులూ నా ముందు చాచారు. కాబట్టి నీ మాట నేను సగం విన్నాను, ఆ సగం వల్లే గెలుపు చేజారలేదు.

వెళ్ళేటప్పుడు ఆయన నా దగ్గరికొచ్చి, "అమ్మా, నాకు అటువైపు భయమని మీకెలా తెలిసింది? ఇన్నేళ్ళలో ఎవరూ కనిపెట్టలేదు" అన్నారు.

నా గొంతు అప్పటికే సగం పోయింది. "మీ కింది సెట్టు వదులైందండీ. డాక్టరుగారికి ఇచ్చెయ్యండి, సరిచేసి పంపుతాను" అన్నాను. ఆయన చెయ్యి నోటి మీదికి పోయింది. తరవాత ఎంత నవ్వారంటే ఆ సెట్టు నిజంగానే ఊడింది.

రెండు గుర్రాలు పట్టుకెళ్ళింది గెలిచి కాదే. ఆ తెలుపులు ఆయనకు నచ్చాయి. తన మరుగుజ్జుల గడ్డాలకు అలాంటివే వేసుకుంటానని అడిగి తీసుకెళ్ళారు. వారం తిరక్కుండా గుడ్డలో చుట్టి తెచ్చిచ్చారు.

సెట్టు సరిచేశాను. గట్టిగా కూర్చుంది, ఇక చప్పుడు రాదు. టైలరుగారు తల బాదుకుంటున్నారు, వచ్చే ఏడుదాకా ఆగొచ్చు కదా అని. ఎలా ఆగుతాను? నేను చేసిన పళ్ళు ఒకరి నోట్లో లటపటలాడుతుంటే నాకు నిద్ర పట్టదు.

వచ్చే ఏడు జతల పోటీ పెడదాం అన్నారు గోడగారు, ఒక్కో వైపు ఇద్దరు, రెండు సైన్యాలు. నువ్వు సెప్టెంబరులో వచ్చి నీ గుర్రాలు తీసుకో. బీరువాలో అన్నీ ఉన్నాయి. నిజం చెప్పమంటావా, ఇవ్వబుద్ధి కావడం లేదు. పొద్దున్నే ల్యాబుకు వెళ్ళేముందు ఒకసారి తలుపు తీసి చూసుకుంటున్నాను. అయినా అవి నీవి. నీ బతుకంతా వాటి మీద ఉందన్నావు. నేను టైలరుగారి పక్కన నిలబడి కేకలు పెడతాను, అది నాకు వచ్చేసింది.

గొంతు తిరిగొచ్చిన
నీ వదిన

జూన్ 7

వదినా,

నీ ఉత్తరం పడవ దగ్గరే, ఒడ్డున నిలబడి చదివాను. గోడ కూలిందే అన్న చోటికొచ్చేసరికి నేను అరిచిన అరుపుకి పక్షులు లేచిపోయాయి. వంటాయన మళ్ళీ ఎవరు పోయారని పరిగెత్తుకొచ్చాడు. మరుగుజ్జులు పోయారని చెప్పి ఆయన చేతులు పట్టుకుని తిప్పాను. అన్నయ్యతో ఇంకో ఏడాది మాట్లాడను, చెప్పు. చెప్పులు మార్చి పంపమని కూడా చెప్పు.

పళ్ళు సరిచేశావా! ఆ ఒక్క చప్పుడు మన ఆస్తి కదా, దాన్ని మైనం పెట్టి పూడ్చేశావా! కానీ నువ్వు పూడ్చకపోయుంటే నువ్వు నువ్వు కాదులే.

మళ్ళీ బల్ల వేశాను. నీ ఉత్తరం ముందు పెట్టుకుని, నువ్వు ఆడినట్టే. ఈసారి బ్యాటరీలను వంటాయనకూ, మూతలను వైర్‌లెస్సాయనకూ ఇచ్చి, నేను కాలిబంట్లను తీసుకున్నాను. అగ్గిపుల్లలు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆ వైపు కూర్చోలేదు వదినా. ప్రతి వంతులోనూ దెబ్బలు తింటుంటే, పుల్లలు ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతుంటే, గుర్రాలు ఏవీ, ఎప్పుడొస్తాయి అని నా ప్రాణం లాగేసింది. వైర్‌లెస్సాయన తీరిగ్గా కొలుస్తున్నాడు. రెండో వంతులో పంపెయ్యి అని అరవబోయి నోరు మూసుకున్నాను. ఐదో వంతులో వచ్చాయి. అప్పటికి నా దగ్గర నాలుగు పుల్లలున్నాయి. నిలబడే ఉన్నాయి.

నేను ఎందుకు ఓడిపోయేదాన్నో ఆ నాలుగు పుల్లలు చెప్పాయి. నా రౌతుల కోసం నేను ఎవర్నీ నిలబెట్టలేదు. ఒంటరిగా పంపి, ఒంటరిగా చచ్చారని ఏడ్చాను.

కాబట్టి విను. గుర్రాలు నీవి. తాళం నీ దగ్గరే ఉంచుకో. మాట వరసకు కాదు, నా ఇష్టంతో ఇస్తున్నాను. నా బతుకంతా వాటి మీద ఉన్నమాట నిజమే, అది నీ చేతుల్లో ఉంటే నాకేం తక్కువ? వచ్చే ఏడు జతల పోటీలో నువ్వు రౌతులు, నేను కాలిబంట్లు. టైలరుగారిని అడిగి మంచి డాలుగాళ్ళను చూసి ఉంచు. వచ్చాక నేనే రంగు వేసుకుంటాను, నల్లగా, నాలుగు పూతలు. వాళ్ళను మాత్రం ఏ సీసాలోనూ ముంచకు.

బల్ల మీద నీ ఇష్టం వచ్చినట్టు ఆగు, జరుపు, కొలువు. ఎదుటివాళ్ళ పళ్ళు విను, కళ్ళు చూడు, ఏం చేస్తావో చెయ్యి. తొందరపెట్టను. నువ్వు వచ్చేదాకా నిలబడే ఉంటాను.

నీ కాలిబంటు